పైకి చూడటం

డులూత్‌లో ఫిబ్రవరి. మైనస్ ఇరవై రెండు.
సరస్సు గడ్డకట్టి తెల్లబల్లలా పడుంది.
చెత్త లారీల డిపోకి
ముప్ఫై నాలుగు ప్రశ్నలు పట్టుకుని వెళ్లాను.
మా స్కూలు బస్సులు గ్యాస్‌కి మారాలా వద్దా,
మార్చిలోగా బోర్డుకి చెప్పాలి.

మార్లిస్ హౌగెన్ నా కాగితాలు తీసుకుంది.
మొదటి పేజీ చదివింది. రెండోది తిప్పకుండానే
దాని మీద కాఫీ కప్పు పెట్టింది.
"పద. ముందు పైకి చూడటం నేర్చుకో."

చూశాను.
దూలాల నడుమ చిన్న తెల్ల పెట్టెలు,
ఒక్కోదానికి ఒక్కో ఎర్రటి కన్ను.

"డీజిల్ కిందకి కారుతుంది.
మా మెకానిక్కులు ముప్ఫై ఏళ్లు నేలకేసి చూసి బతికినవాళ్లు.
ఏ బండి కింద ఎంత మరక, ఏ రంగు మరక,
అది చూసి జాతకం చెప్పేసేవాళ్లు.
గ్యాస్ మరక పెట్టదు.
చడీచప్పుడు లేకుండా లేచి కప్పు మూలన నక్కుతుంది.
మొదటి ఏడాది నా డబ్బు సగం బండ్లకి పోలేదు,
ఈ కప్పుకి పోయింది.
అమ్మడానికొచ్చిన కుర్రాడు ఆ మాట ఎత్తలేదు.
నేనూ అడగలేదనుకో."

రాసుకున్నాను: కప్పు.
వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు ఒరిగిపోయాయి.

తర్వాత వెయికో సంగతి.
మొదటి చలికాలం, గబగబా పది నిమిషాల్లో నింపించుకుని వెళ్లాడు.
ముల్లు నిండుగా ఉందంది.
వేడెక్కిన ట్యాంకు మాట అది;
చల్లారాక పావు వంతు లేదు.
కొండవీధి సగంలో, పదకొండు గంటలకి,
ఊరి చెత్తంతా వీపున మోసుకుని ఆగిపోయాడు.
"మూడు గంటలు నన్ను తిట్టాడు.
రేడియోలో. అందరూ వింటుండగా."
చెబుతూ మార్లిస్ నవ్వింది, కొంచెమే.

అందుకే ఇప్పుడు రాత్రంతా నింపుతారు.
వరసగా పందొమ్మిది లారీలు, గోడ నుంచి ఒక్కో గొట్టం,
జనరల్ వార్డులో సెలైన్ ఎక్కించుకుంటున్నట్టు.
వాటి మధ్య మేమిద్దరం కూడా
గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం.

గ్యాస్‌లో తేమ ఉంటే వాల్వు దగ్గర మంచు కడుతుంది.
ప్లగ్గులు వాయిదా వెయ్యకు, ఒకసారి వేశాను.
సిలిండర్ మీద దాని ఆఖరి సంవత్సరం కొట్టి ఉంటుంది,
బండి బంగారంలా ఉన్నా సరే, ఆ ఏడు వచ్చిందంటే తీసెయ్యాలి.
ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది,
పచారీ సామాన్లు చెప్పినట్టు.

ఇంకోటి, నా జాబితాలో లేనిది:
మొదటి నెలలో ఫోన్లు.
"ఈ వారం బండి రాలేదు."
వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చి వెళ్లిపోయింది.
పాత ఇంజను మూడు వీధుల అవతల గర్జిస్తే
చెప్పులైనా వేసుకోకుండా డబ్బా ఈడ్చుకొచ్చేవాళ్లు జనం.
ఆ గోల కూడా మా ఉద్యోగంలో భాగమని
మాకెవరికీ తెలీదు, అంది.

పందొమ్మిదో ప్రశ్న నేనే పైకి చదివాను:
గాలి బాగుపడిందా?

కప్పు తీసింది. కాగితం మీద గోధుమరంగు చక్రం.
"మా గోడలు నల్లబడటం మానేశాయి.
వెయికో దగ్గు తగ్గింది. ఇవి చూశాను.
బావి దగ్గర ఎంత లేచిపోతోందో,
దారి పొడుగునా గొట్టం ఎక్కడ కారుతోందో
నేను చూళ్లేదు.
చూడనిది నీ రిపోర్టులో నా పేరున రాయకు."

వంతెన దాటి వచ్చేసరికి చీకటి పడింది.
మా గ్యారేజీ తాళం తీసి, లైటు వేసి,
ఆరేళ్లుగా పనిచేస్తున్న చోట
మొదటిసారి తలెత్తాను.

తుప్పు పట్టిన ఫ్యాను. తడిసి ఉబ్బిన చెక్క.
అన్నిటికన్నా ఎత్తయిన మూలలో
కొత్త సంవత్సరం పార్టీనాటి వెండి బుడగ ఒకటి,
ముడతలు పడి, దారం వేలాడుతూ,
ఇంకా కప్పుని నొక్కుతోంది.

నిచ్చెన వేసుకుని ఎక్కి
అక్కడ సుద్దతో సున్నా చుట్టాను.